వీడియో డిస్కులలో చలనచిత్రాల నాణ్యతా పరీక్ష

వీడియో డిస్కులలో చలనచిత్రాల నాణ్యతా పరీక్ష అనగా వీసీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కుల రూపంలో ఇంట్లో చూచుటకై విడుదలైన చలనచిత్రంలోని బొమ్మ, ధ్వని అసలు చిత్రానికి ఎంత దగ్గరగా ఉన్నాయో పరిశీలించి తేల్చుట. డిస్కు బాగున్నదనో బాగాలేదనో చెప్పుటకు ముందు మూడు విషయాలను విడదీసి చూడవలసి ఉంటుంది. ఆ చిత్రాన్ని మొదట తీసిన తీరు ఒకటి, ఫిలిం నుండి డిస్కుకు ఎక్కించిన తీరు రెండవది, ఇంట్లోని టీవీ, స్పీకర్ల తీరు మూడవది. 1957లో ఏకమార్గ ధ్వనితో (మోనో) తయారైన చిత్రంలో వెనుక స్పీకర్లు మోగకపోవడం డిస్కు దోషం కాదు. మోగితేనే అనుమానించాలి.

తెలుగు చిత్రాల విషయంలో ఈ పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. పాత చిత్రాలు థియేటర్లలో మళ్ళీ ఆడటం అరుదు. వాటిని చిన్నతెరపైనే చూచిన తరానికి డిస్కులో ఉన్నదే చిత్రం. అందులో ఒక పాట తగ్గితే ఆ పాట లేనట్టే. పద్యం శ్రుతి మారితే మారిన శ్రుతే అసలైనదని నమ్ముతారు.

నేపథ్యం

1980వ దశకంలో తెలుగు పట్టణాలలో వీడియో క్యాసెట్లను అద్దెకిచ్చే లైబ్రరీలు వీధివీధినా వెలిశాయి. దర్శకుడు రాంగోపాల్ వర్మ సినిమాలలోకి రాకముందు హైదరాబాదు అమీర్‌పేటలో అటువంటి లైబ్రరీ నడిపారు. 1993లో ప్రమాణీకరించబడిన వీసీడీ, క్యాసెట్టు స్థానాన్ని 1990ల చివరి నాటికి ఆక్రమించింది. డీవీడీ 1996లో జపానులో, 1997లో అమెరికాలో, బ్లూ-రే 2006లో మార్కెట్టులోకి వచ్చాయి.

వీటి మధ్య తేడాను అంకెలలో చెప్పవచ్చును. పాల్ పద్ధతి వీసీడీలో ఒక్కొక్క బొమ్మ 352 × 288 చుక్కలతో ఏర్పడుతుంది. డీవీడీలో 720 × 576, అనగా సుమారు నాలుగు రెట్లు. బ్లూ-రేలో 1920 × 1080, అనగా డీవీడీకి సరిగ్గా ఐదు రెట్లు. అయితే చుక్కల సంఖ్య పాత్ర పరిమాణం మాత్రమే. అందులో ఏమి పోశారన్నది వేరే విషయం. అరిగిపోయిన ప్రింటు నుండి చేసిన బ్లూ-రే కన్నా మంచి నెగటివు నుండి చేసిన డీవీడీ మేలు.

మోజర్ బేర్ సంస్థ 2007 ప్రాంతంలో వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడంతో డిస్కు కొని దాచుకోవడం సామాన్య కుటుంబాలకు కూడా అలవాటైంది. ఆ సంస్థ 2018లో దివాలా ప్రక్రియలో మూతబడింది. అప్పటికే డిస్కుల వ్యాపారం చాలావరకు క్షీణించింది. డీవీడీ పెట్టెపై కనిపించే ప్రాంతీయ సంఖ్యకు (భారతదేశానిది 5) నాణ్యతతో సంబంధం లేదు.

థియేటరు అనే కొలబద్ద

డిస్కును దేనితో పోల్చాలి అన్నది మొదటి ప్రశ్న. హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ నివాసులకు ఈ ప్రశ్నకు సమాధానం నడక దూరంలోనే ఉండేది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వద్ద సంధ్య 70 ఎం.ఎం., సుదర్శన్ 35 ఎం.ఎం., దేవి 70 ఎం.ఎం., సప్తగిరి వంటి థియేటర్లు పక్కపక్కనే ఉండి, కొత్త చిత్రం విడుదలయ్యే రోజున ఆ కూడలి జాతరను తలపించేది. ఫిలిం ప్రింటును పెద్ద తెరపై చూచి, ఏడాదిలోపు అదే చిత్రాన్ని ఇంటి టీవీలో చూచే అవకాశం ఉన్న ప్రేక్షకులకు రంగు వెలిసిందా, అంచు తెగిందా అన్నది జ్ఞాపకంతోనే తెలిసేది.

జ్ఞాపకం ఒక్కటే చాలదు. మొదటి ఆట ఈలల మధ్య విన్న పాట ఇంట్లో చప్పగా ఉన్నదంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు. కాబట్టి జ్ఞాపకంపై ఆధారపడని పరీక్షలు అవసరం. వాటిలో అన్నిటికన్నా తేలికైనది నిడివి లెక్క.

నిడివి లెక్క

భారతీయ చిత్రాల ఆరంభంలో కనిపించే సెన్సారు ధ్రువపత్రం ఫిలింపై తీసిన చిత్రం పొడవును మీటర్లలో, రీళ్ళలో తెలుపుతుంది. డిస్కులో అది రెండు మూడు క్షణాలు మాత్రమే కనిపిస్తుంది గనుక అక్కడ నిలిపి చదువుకోవాలి. 35 ఎం.ఎం. ఫిలిం సెకనుకు 24 బొమ్మల వేగంతో నిమిషానికి 90 అడుగులు, అనగా 27.43 మీటర్లు నడుస్తుంది. ధ్రువపత్రంలో 4,400 మీటర్లు అని ఉంటే చిత్రం నిడివి సుమారు 160 నిమిషాలు. డిస్కు 140 నిమిషాలకే ముగిస్తే కోత పడినట్లే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతి సెకనుకు 25 బొమ్మలు చూపుతుంది. 24 బొమ్మల చిత్రాన్ని అందులో ఇమిడ్చేటప్పుడు సాధారణంగా దానిని 25 వేగంతో నడిపేస్తారు. అందువలన చిత్రం నూటికి నాలుగు వంతులు వేగంగా పూర్తవుతుంది. 184 నిమిషాల మాయాబజార్ (1957) పాల్ డిస్కుపై ఒక్క దృశ్యం కూడా తగ్గకుండానే సుమారు 177 నిమిషాలకు ముగియాలి. ఏడు నిమిషాలు పోయాయని గగ్గోలు పెట్టనక్కరలేదు. 177 కన్నా తగ్గితేనే వెదకాలి. ధ్రువపత్రం పొడవును 27.43తో భాగించి, వచ్చిన నిమిషాలను మళ్ళీ 0.96తో గుణిస్తే పాల్ డిస్కుకు ఉండవలసిన నిడివి వస్తుంది.

కోతలకు ప్రధాన కారణం వ్యాపార లెక్క. వీసీడీ ఒక్కదానిలో పట్టేది 74 నిమిషాలు, ప్రమాణానికి మించి నింపితే 80. రెండు డిస్కులలో 160 నిమిషాలకు మించి పట్టదు. మూడవ డిస్కు ఖర్చు తప్పించుకొనుటకు కత్తెర వేసేవారు. తరచుగా పాటలు, పద్యాలు, హాస్య ఘట్టాలు దానికి బలి అయ్యేవి. మూడున్నర గంటలకు మించిన దానవీరశూరకర్ణ (1977) వంటి చిత్రాన్ని కొనేవారు డిస్కుల సంఖ్యను ముందే లెక్కించుకోవడం మంచిది.

డీవీడీలో కత్తెర బదులు కుదింపు జరుగుతుంది. ఒక పొర డీవీడీ సామర్థ్యం 4.7 గిగాబైట్లు. రెండున్నర గంటల చిత్రం ఒక్కటే ఉంటే బొమ్మకు, ధ్వనికి కలిపి సెకనుకు సుమారు 4.2 మెగాబిట్లు దక్కుతాయి. రెండు పొరల డిస్కు (8.5 గిగాబైట్లు) అయితే సుమారు 7.5 దక్కుతాయి. "ఒకే డిస్కులో మూడు సినిమాలు" అని అమ్మే ఒక పొర డిస్కులో ఒక్కొక్క చిత్రానికి 1.4 మెగాబిట్లే మిగులుతాయి. ఇది వీసీడీ స్థాయి. వీసీడీలో బొమ్మకు 1.15, ధ్వనికి 0.22 మెగాబిట్లు ఉంటాయి. పేరుకు డీవీడీ అయినా నాలుగు రెట్లు పెద్ద బొమ్మను అదే గింజలతో వండవలసి వస్తుంది.

చట్రం

తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం అల్లూరి సీతారామరాజు (1974). స్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు. పాత టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లే. తెర నిండాలని స్కోప్ బొమ్మను రెండు వైపులా కోసివేస్తే నూటికి 43 వంతులు పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి మాట్లాడే సన్నివేశంలో ఒకరి ముక్కు, మరొకరి చెవి మిగలడం దీని లక్షణం. పైనా క్రిందా నల్లపట్టీలు కనిపిస్తే తెర వృథా అయిందని అనేకులు ఫిర్యాదు చేసేవారు. నిజానికి ఆ పట్టీలే బొమ్మ పూర్తిగా ఉన్నదనుటకు సాక్ష్యం.

పట్టీలున్న డీవీడీలలోనూ రెండు రకాలు. పాత టీవీ కొలతలో పట్టీలతో సహా ఎక్కించిన దానిలో స్కోప్ బొమ్మకు 576 గీతలలో సుమారు 327 మాత్రమే దక్కుతాయి. వెడల్పు టీవీ కొలతకు తయారుచేసిన దానిలో (అనామార్ఫిక్) సుమారు 436 దక్కుతాయి. వెడల్పు టీవీలో మొదటి రకం డిస్కు వేస్తే నాలుగు వైపులా నల్లపట్టీల మధ్య చిన్న బొమ్మ కనిపిస్తుంది.

1950, 60ల చిత్రాల బాధ దీనికి తలక్రిందులు. దాదాపు చతురస్రంగా ఉన్న ఆ బొమ్మను వెడల్పు టీవీకి సరిపోవాలని సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా అవుతారు. పైనా క్రిందా కోస్తే నాలుగింట ఒక వంతు దాకా పోతుంది. నాట్య సన్నివేశాలలో పాదాలు పోతాయి. అడుగులు కనిపించని కూచిపూడి నృత్యం ఎందుకు? సాగదీతను పట్టుటకు గుండ్రని వస్తువు చూడటం చాలును. కృష్ణుని సుదర్శన చక్రం, చందమామ, నుదుటి బొట్టు, బండి చక్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే డిస్కులోనో టీవీ అమరికలోనో లోపం ఉన్నది.

బొమ్మ

నలుపు-తెలుపు చిత్రాలలో పరీక్షించవలసినది బూడిద రంగు మెట్లు. మాయాబజార్ నౌకావిహారంలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెల దీనికి మంచి ఉదాహరణ. మంచి ప్రతిలో నీటి మీది మెరుపుకూ, వస్త్రపు తెలుపుకూ, ముఖం మీది కాంతికీ తేడా తెలుస్తుంది. చెడ్డ ప్రతిలో ఈ మూడూ ఒకే సున్నపు తెలుపు. అలాగే నల్లని జుట్టులో వెంట్రుకల పాయలు, తెల్ల పంచెలో మడతలు కనిపించాలి.

1970, 80ల రంగుల చిత్రాలలో దోషం వేరు. ఆనాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ వర్ణకం ముందుగా వెలిసిపోతుంది. అప్పుడు చిత్రమంతా గులాబీ ఛాయ అలముకుంటుంది. తెల్ల చొక్కా గులాబీగా, పచ్చని చేలు గోధుమరంగుగా కనిపిస్తే ఆ డిస్కును వెలిసిన ప్రింటు నుండి చేశారని ఊహించవచ్చు. రంగు సరిదిద్దుటకు అవకాశం ఉన్నది గాని అది శ్రమతోనూ ఖర్చుతోనూ కూడిన పని.

డిస్కులకు సహజమైన మరొక పరిమితి ఎరుపు రంగులో బయటపడుతుంది. వీసీడీ మొదలుకొని బ్లూ-రే వరకు అన్నిటిలోనూ వెలుతురు వివరాలను పూర్తిగా, రంగు వివరాలను అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే భద్రపరుస్తారు. కన్ను రంగు అంచులను అంత నిశితంగా గమనించదన్న నమ్మకంతో చేసిన ఏర్పాటిది. కాని ఎర్ర పట్టుచీర అంచు, కుంకుమ, పెళ్ళి పందిరి దండలు ఈ నమ్మకాన్ని పరీక్షిస్తాయి. వీసీడీలో ఎరుపు పక్కకు కారినట్లుండటం ఇందువలననే.

కుదింపు దోషాలు కదలికలో కనిపిస్తాయి. బొమ్మను 8 × 8 చుక్కల గళ్ళుగా విడగొట్టి కుదిస్తారు గనుక, బిట్లు చాలనప్పుడు గళ్ళు బయటపడతాయి. వాన, నది, పొగ, మంటలు, పూల వాన, పోరాటాలలో లేచే దుమ్ము వీటికి గడ్డు పరీక్షలు. పౌరాణికాలలో మేఘాల మధ్య నారదుడు దిగివచ్చే దృశ్యం ఒక్కటి చూచినా డిస్కు సంగతి సగం తెలిసిపోతుంది. దృశ్యం క్రమంగా చీకటిలో కలిసేటప్పుడు మెట్లుమెట్లుగా మచ్చలు ఏర్పడుతున్నాయేమో కూడా చూడాలి.

ఫిలింలోని సన్నని రేణువులను దోషమనుకోరాదు. వాటిని యంత్రంతో తుడిచివేస్తే చర్మం మైనపు బొమ్మలా అవుతుంది. అంచులు పదునుగా కనిపించాలని కృత్రిమంగా చెక్కితే తల చుట్టూ తెల్లని గీత తేలుతుంది. దేవతా పాత్రలకు తప్ప మిగిలినవారికి ఆ ప్రభామండలం శోభించదు.

విదేశాలలోని తెలుగువారి కోసం తయారైన డీవీడీలలో మరొక చిక్కు ఉన్నది. అమెరికాలో వాడినది ఎన్.టి.ఎస్.సి. పద్ధతి. అందులో సెకనుకు దాదాపు 30 బొమ్మలు, 480 గీతలు. ఫిలిం నుండి నేరుగా ఎక్కిస్తే నాలుగు ఫిలిం బొమ్మలు ఐదు వీడియో బొమ్మలవుతాయి. నిలిపి ఒక్కొక్కటే చూస్తే ప్రతి ఐదింటిలో మూడు శుభ్రంగా, రెండు దువ్వెన పళ్ళ వలె చీలి కనిపిస్తాయి. ఇది సహజం, మంచి ప్లేయరు దీనిని సరిచేస్తుంది. కాని ఇక్కడ టీవీకి తయారైన పాల్ ప్రతినే మార్చి పంపితే ఒక బొమ్మపై మరొక బొమ్మ నీడలా కలిసిపోతుంది. చేయి కదిపితే రెండు చేతులు కనిపిస్తాయి. ఈ దోషాన్ని ఏ ప్లేయరూ సరిచేయలేదు. డాలర్లు పెట్టి కిరాణా దుకాణంలో కొన్న డిస్కు ఊరిలోని టీవీ ప్రతికన్నా మసకగా ఉండటానికి కారణం తరచుగా ఇదే.

బొమ్మ మూలన, ఒక్కొక్కప్పుడు నడిమధ్యన, వీడియో కంపెనీ ముద్ర చిత్రం పొడవునా నిలిచి ఉండటం తెలుగు డిస్కులలో సర్వసాధారణం. దొంగ నకళ్ళను అడ్డుకొనుటకు ఈ ఏర్పాటు అని సమర్థన. నకలు చేసేవారు ముద్రతో సహా నకలు చేశారు. ముద్రను భరించినవారు డబ్బిచ్చి కొన్నవారే.

ధ్వని

పాల్ వేగం వలన నిడివి తగ్గుతుందని పైన చెప్పబడినది. దానితోపాటు ధ్వని శ్రుతి కూడా పెరుగుతుంది. 25ను 24తో భాగిస్తే 1.042. ఒక స్వరస్థానం నుండి పక్క స్వరస్థానానికి నిష్పత్తి సుమారు 1.059. కాబట్టి పెరుగుదల అర స్వరంలో పదింట ఏడు వంతులు. ఒకటి శ్రుతిలో పాడిన పాట దాదాపు ఒకటిన్నరకు చేరువవుతుంది. లయ కూడా ఆ మేరకు పరుగెడుతుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు వినే అలవాటున్నవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఘంటసాల గొంతులోని గాంభీర్యం కొంత పలుచబడినట్లు, స్త్రీ కంఠాలు మరింత సన్నబడినట్లు తోస్తుంది. సరిచూచుటకు తంబురానో, శ్రుతి పెట్టెనో పక్కన ఉంచుకొనవచ్చును. అయితే అదే పాట గ్రామఫోను రికార్డుతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. రికార్డు ఆడించే యంత్రం వేగం కూడా సరిగా ఉండాలి కదా. కొన్ని డిస్కులలో వేగం పెంచినా శ్రుతిని యథాస్థానానికి దించి సరిచేస్తారు. బ్లూ-రే సెకనుకు 24 బొమ్మలనే నేరుగా చూపగలదు గనుక అక్కడ ఈ సమస్య రానక్కరలేదు.

రెండవ పరీక్ష ఉచ్చారణ. పాత చిత్రాల ధ్వనిపథంలో సన్నని బుసబుస సహజం. దానిని పూర్తిగా తొలగించాలనే ఉత్సాహంలో పై స్థాయి ధ్వనులన్నిటినీ కోసివేస్తే నిశ్శబ్దం మిగులుతుంది, భాష పోతుంది. అచ్చుల శక్తి ఎక్కువగా మూడు వేల హెర్ట్జ్‌ల లోపు ఉంటుంది. శ, ష, స ల గుర్తింపుకు దానికి పైనున్న భాగమే కీలకం. అది పోతే శంకరుడు, షడ్జము, సరస్వతి ఒకే ఊష్మంతో మొదలవుతాయి. పౌరాణిక చిత్రాలలోని సుదీర్ఘ సంభాషణలను, పద్యాలను ఈ దృష్టితో వినాలి. ఊష్మాలు విడివిడిగా, ఒత్తక్షరాలలోని ఊపిరి స్పష్టంగా వినబడితే కొంత బుసను సహించడమే మేలు.

మూడవది కృత్రిమ విస్తరణ. డీవీడీ పెట్టెపై 5.1 అని ఉంటే ముందు మూడు, వెనుక రెండు, మంద్రధ్వనికి ఒకటి, మొత్తం ఆరు మార్గాలు ఉన్నాయని మాత్రమే అర్థం. సినిమా థియేటర్లలో డాల్బీ డిజిటల్ 1992లో, డిటిఎస్ 1993లో ప్రవేశించాయి. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రమైన సింహాసనం (1986) ఆరు మార్గాల స్టీరియో ధ్వనితో వచ్చింది. అంతకు ముందరి సామాన్య చిత్రం డిస్కులో 5.1గా వచ్చిందంటే ఒక్క మార్గాన్ని ఆరుగా పంచారని గ్రహించాలి. పరీక్ష సులభం. మధ్య స్పీకరు తీగ తీసివేసి వినాలి. సంభాషణ దాదాపు మాయమైతే పంపకం సక్రమం. అవే మాటలు నాలుగు మూలల నుండీ బావిలో మాట్లాడినట్లు వస్తుంటే ఏకమార్గ ధ్వనికి ప్రతిధ్వని తగిలించి వెనుకకు పంపారన్నమాట. అటువంటప్పుడు డిస్కులో రెండవ ధ్వనిపథంగా మోనో ఉంటే దానినే ఎంచుకోవడం ఉత్తమం. పెట్టెపై డిటిఎస్ గుర్తు ఉన్నంత మాత్రాన అది డాల్బీకన్నా మెరుగని అనుకోవడం కూడా పొరపాటే.

పెదవుల కదలికను, మాటను పోల్చి ధ్వని ముందువెనుకలు నిర్ణయించడం తెలుగు చిత్రాలలో నమ్మదగిన పద్ధతి కాదు. అనువాద చిత్రాల సంగతి సరే, నేరు చిత్రాలలో కూడా మాటలు తరువాత డబ్బింగు చేసినవి అనేకం. తలుపు మూసిన చప్పుడు, మృదంగంపై దెబ్బ, గజ్జెల అడుగు చూచి నిర్ణయించాలి. పాల్‌లో ఒక బొమ్మ నిలిచేది 40 మిల్లీసెకన్లు. రెండు మూడు బొమ్మల తేడా వస్తే సామాన్యుడు కూడా గుర్తించగలడు.

టీవీ, గది

డిస్కును నిందించే ముందు టీవీని సరిచేయాలి. దుకాణంలో మెరుపు కోసం పెట్టిన అమరికను మార్చి, నల్లపట్టీలున్న దృశ్యం వద్ద నిలిపి, పట్టీలు నల్లగానూ జుట్టులో వివరాలు పోకుండానూ ఉండేవరకు బ్రైట్‌నెస్ తగ్గించుకోవాలి. పాత గాజు గొట్టపు టీవీలు బొమ్మ అంచులను కొంత దాచివేసేవి, గీతల చీలికను కనబడనిచ్చేవి కావు. అదే డిస్కును కంప్యూటరు మానిటరుపై వేసేసరికి దువ్వెన పళ్ళు, అంచుల్లోని చెత్త బయటపడేవి. అశోక్ నగర్ అద్దె గదులలో పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులకు సినిమా తెర తరచుగా కంప్యూటరే గనుక, ఒకే డిస్కుపై ఇంటివారికీ, మేడమీది విద్యార్థికీ భిన్నాభిప్రాయాలు కలగడంలో వింత లేదు. రెండు డిస్కులను పోల్చేటప్పుడు ధ్వని స్థాయిని సమానం చేయడం మరువరాదు. బిగ్గరగా వినిపించినదే మంచిదని చెవి మోసపోతుంది.

అడుగుభాగం వెండివలె కాక ఊదా రంగులోనో, ఆకుపచ్చ ఛాయలోనో ఉన్న డిస్కు కర్మాగారంలో అచ్చైనది కాదు, ఇంటి యంత్రంలో రాసిన నకలు.

పాత చిత్రాలకు కొత్త ప్రతులు

మాయాబజార్ రంగులద్దిన ప్రతి 2010 జనవరి 30న థియేటర్లలో విడుదలైంది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ దీనిని రూపొందించింది. మోనో ధ్వనిని డిటిఎస్‌కు మార్చింది. ఈ ప్రతి కొత్త తరాన్ని థియేటరుకు రప్పించింది. అయితే బార్ట్లే వెలుగునీడలను అధ్యయనం చేయగోరేవారికి ఇది ఆధారం కాజాలదు, నలుపు-తెలుపు ప్రతినే చూడాలి. 1989 నాటి శివ చిత్రం 2025 నవంబరు 14న 4కె బొమ్మతో, డాల్బీ అట్మాస్ ధ్వనితో మళ్ళీ విడుదలైంది. ఇటువంటి ప్రతులను అంచనా వేసేటప్పుడు పాతదానిని శుభ్రపరచడం ఎంత, కొత్తగా చేర్చడం ఎంత అని విడదీసి చూడాలి.

డిస్కుల కోసం తయారైన పాత ప్రతులు టీవీ ఛానళ్ళకు, అంతర్జాలానికి కూడా చేరాయి. అక్కడ చిత్రం పెద్ద తెర కొలతలో కనిపించినా, మూలన వీడియో కంపెనీ ముద్ర, ధ్రువపత్రం లెక్కకు నాలుగు వంతులు తగ్గిన నిడివి, పెరిగిన శ్రుతి ఉంటే అది పాల్ డిస్కు నుండి వచ్చినదేనని గుర్తించవచ్చును.